వంశం అడిగితే శాతం చెప్పింది

సికింద్రాబాద్‌లో ఎవరి వంశం తవ్వినా మూడో నాలుగో తరంలో రైలెక్కాల్సిందే. 1806లో సికిందర్ జా పేరు మీద కంటోన్మెంటు వెలిసినప్పటి నుంచీ ఇది వచ్చినవాళ్ల ఊరు. పల్టన్ల వెంట వచ్చిన మొదలియార్లు, బట్టలూ వడ్డీ వ్యాపారాలూ పెట్టిన మార్వాడీలు, పార్సీలు, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్లు, కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి మారేడుపల్లిలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు. అలాంటి ఊళ్లో ఇప్పుడు అమెరికా నుంచి సెలవులకొచ్చే పిల్లల సూట్‌కేసుల్లో చాక్లెట్లతో పాటు చిన్న అట్టపెట్టె ఒకటి దిగుతోంది. గొట్టంలో ఉమ్మి పంపితే పూర్వీకులెవరో శాతాల్లో చెప్పే పరీక్ష. ఫలితం రాగానే మొదలయ్యే మాటలు మాత్రం పాతవే: "మనం అసలు ఇక్కడివాళ్లం కాదు బావగారూ, ఉత్తరాది నుంచి దిగాం. ఇప్పుడు సైన్సు కూడా చెప్పింది."

సైన్సు అలా చెప్పలేదు. ఆ కంపెనీల దగ్గర పూర్వీకులెవరూ లేరు. ఉన్నది ఇవాళ బతికున్న మనుషుల నమూనాల జాబితా. అమ్మ వైపూ నాన్న వైపూ తాతలు, అవ్వలు అందరూ ఫలానా ప్రాంతం వాళ్లేనని చెప్పినవాళ్ల డీఎన్‌ఏను ఒకచోట చేర్చి, దానికో ప్రాంతం పేరు పెడతారు. మన డీఎన్‌ఏ తునకలు ఏ గుంపుకి దగ్గరగా ఉన్నాయో అంచనా కట్టి శాతాలు ఇస్తారు. జాబితా పెరిగినప్పుడల్లా శాతాలు మారతాయి, మనిషి అక్కడే ఉంటాడు. 2019లో కెనడాలో ఒక టీవీ కార్యక్రమం వాళ్లు ఒకేలాంటి కవల అక్కచెల్లెళ్ల నమూనాల్ని ఐదు కంపెనీలకు పంపారు. ఇద్దరి డీఎన్‌ఏ దాదాపు ఒకటే. శాతాలు మాత్రం వేరువేరుగా వచ్చాయి.

మెక్సికో మూలాలున్న అమెరికన్లు ఈ గొట్టాన్ని ఇంకో ప్రశ్న అడుగుతారు: మేం అజ్‌టెక్‌లమా? 'మెక్సికో ఆదివాసీ మూలం ఇంత శాతం' అనే వరకే అది చెప్పగలదు. 1521లో స్పెయిన్ సేనలు మెషికాల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను కూల్చేనాటికి అజ్‌టెక్ అంటే మెషికాలు మరో రెండు నగరాలను కలుపుకొని నడిపిన సామ్రాజ్యం. దాని కింద కప్పం కట్టిన ఊళ్లు ఎన్నో, భాషలు ఎన్నో. కప్పం కట్టినవాడూ కట్టించుకున్నవాడూ చాలాచోట్ల పక్కపక్క లోయలవాళ్లే. ఎవరు ఎవరో ఉమ్మి ఎలా చెప్తుంది?

మనకు కాకతీయులున్నారు. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు బస్తర్ రాజకుటుంబానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను కాకతీయుల 22వ తరం వారసుడిగా పిలిచి ఘనంగా స్వాగతించారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వెళ్లి రాజ్యం స్థాపించాడని ఆ వంశం చెప్పుకుంటుంది. కథ నిజమేననుకుందాం. ఒక్కో తరం వెనక్కి వెళ్తే పూర్వీకుల స్థానాలు రెట్టింపవుతాయి. 22 తరాల వెనక అవి 41,94,304. బంధువుల్లో బంధువులు పెళ్లాడతారు కనుక ఒకే మనిషి అనేక స్థానాల్లో కనిపిస్తాడు, అది వేరే సంగతి. ఏ లెక్కన చూసినా అందులో అన్నమదేవుడు ఒక్కడు. మిగతావాళ్లలో ఎవరు నాగలి పట్టారో, ఎవరు కుండలు చేశారో ఏ సప్తాహంలోనూ ఎవరూ అడగరు. పైగా వంశవృక్షంలో ఉన్నంత మాత్రాన మన డీఎన్‌ఏలో ఉండాలని లేదు. తరానికి సగం చొప్పున రాలిపోతూ వస్తుంది. అన్ని తరాలు దాటాక చాలామంది పూర్వీకుల నుంచి మనకు ఒక్క తునకా మిగలదు.

మగ వరసలో వై క్రోమోజోమ్ దాదాపు చెదరకుండా దిగుతుంది కదా, గోత్రమంటే అదే కదా అని ఇక్కడ ఒక వాదన వస్తుంది. సరే, ఆ దారినే పోదాం. గణపతిదేవుడి తర్వాత రాజ్యమేలింది ఆయన కూతురు రుద్రమదేవి. ఆమె తర్వాత ప్రతాపరుద్రుడు. ఆయన రుద్రమ కూతురు ముమ్మడమ్మకూ మహాదేవుడికీ పుట్టినవాడు. మనవడినే రుద్రమ కొడుకుగా దత్తత చేసుకుంది. వంశం రెండు తరాలు ఆడవాళ్ల గుండా నడిచింది. గణపతిదేవుడి వై క్రోమోజోమ్ ప్రతాపరుద్రుడికే చేరలేదు, అన్నమదేవుడికి చేరే మాటెక్కడిది? కాకతీయ రక్తం కోసం మగ వరసను వెతికే పరీక్ష కాకతీయుల ఆఖరి రాజునే పరాయివాడని తేలుస్తుంది. శాసనాల్లో తమది చతుర్థ కులమని సంకోచం లేకుండా చెక్కించుకున్న ఆ రాజుల్ని తమవాళ్లని నిరూపించుకోవడానికి ఇవాళ కులసంఘాలు పడే తంటాలు చూస్తే రుద్రమ నవ్వుకునేదేమో.

పుట్టుక చెప్పే వృత్తి తెలంగాణకు కొత్త కాదు. చేర్యాల నకాశీలు గీసిన పటాన్ని విప్పి పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం చెప్తారు. ఏ కుల పురాణమైనా పోషకుల కులాన్ని దేవుడి దగ్గరో రుషి దగ్గరో మొదలుపెడుతుంది. సంభావన ఇచ్చేవాడికి నచ్చని పుట్టుకను ఎవరు పాడతారు? కంపెనీ రంగురంగుల పటం చేసే పనీ అదే. ఒక్క తేడా ఉంది. కూనపులివాళ్లు కథ ముగించి పటం చుట్టుకొని పోయేవాళ్లు, మన రక్తం పట్టుకుపోలేదు. ఇలాంటి పరీక్షలు అమ్మిన ట్వంటీత్రీఅండ్‌మీ కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల చేతికి చిక్కింది. 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు కోటిన్నర మంది జన్యు సమాచారం అమ్మకపు ఆస్తుల జాబితాలోకెక్కింది.

అన్ని పుట్టుక కథల్నీ ఒకే గాటన కట్టను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన తెగల్లో ఒకటైన ఎఫ్రాయిం సంతతి అంటారు. 1990ల నుంచి అక్కడ వాళ్లకో సినగాగ్ ఉంది. ఎఫ్రాయిం తెగవాడి నమూనా ఏ ప్రయోగశాలలోనూ లేదు కనుక, ఆ మాట నిజమనడానికీ అబద్ధమనడానికీ గొట్టం పనికిరాదు. చరిత్రగా ఆ కథను నేను నమ్మను. కానీ ఊరికి అవతల ఉంచినవాడు తనకో గౌరవమైన ఆరంభం వెతుక్కోవడం వేరు. ఊరి నడుమ కూర్చున్నవాడు తన గౌరవానికి రుషిని సాక్షిగా తెచ్చుకోవడం వేరు.

నిజంగా వినదగిన సమాధానం తార్నాక దాటితే హబ్సిగూడలోనే దొరుకుతుంది. అక్కడి సీసీఎంబీ పరిశోధనాసంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. వాటిలో మన వెలమ, వైశ్య, కంసాలి, మాల, మాదిగ, చెంచులూ ఉన్నారు. ఎక్కువ సమూహాలు రెండు ప్రాచీన జనాభాల కలయికని తేలింది. ఆ రెంటిలో ఉత్తరాది జనాభా పాలు చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం దాకా ఉంది, అగ్రకులాలనుకునేవాళ్లలో ఎక్కువే. బావగారితో ఆ మాటన్నాయన పట్టుకున్నది ఈ ఒక్క ముక్కనే. దాదాపు కలవనివాళ్లే లేరన్న ముక్కను వదిలేశారు. 2013లో మరో పరిశోధన ఆ కలయిక కాలాన్ని లెక్కగట్టింది: సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా. సమూహాన్ని బట్టి కాస్త ముందో వెనకో తలుపులు మూసుకున్నాయి. అనాదిగా వస్తున్నదని మనం చెప్పుకునే కులం కట్టుబాటు కంటే, కులం దాటిన కాపురాలే పాతవి.

మూసిన తలుపుల వెనక ఏం జరిగిందో 2017 నాటి పరిశోధన చూపింది. 263 సమూహాల్లో 81 సమూహాలు ఫిన్లాండ్ వాసులకంటే, అష్కెనాజీ యూదులకంటే కూడా ఇరుకైన మూలం నుంచి పెరిగినవని తేలింది. అంటే కొద్దిమంది మూలపురుషుల్లో ఒకరికున్న జన్యులోపం తరతరాలకూ లోలోపలే తిరుగుతుంది. వైశ్యుల్లో అలాంటి ఇరుకు రెండు వేల ఏళ్లకు పైబడినది. దీన్ని వైశ్యులు చెప్పుకునే పెనుగొండ కథకు, నూటరెండు గోత్రాలకు రుజువుగా చెప్పేవాళ్లుంటారు. ఆ కథలో వచ్చే విష్ణువర్ధనుడు మధ్యయుగం రాజు, తేదీలు కుదరవు. కుదిరే సంగతి ఇంకొకటుంది. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఈ సమూహంలో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ ఆ లోపం ఉన్నవాళ్లలో నిమిషాల్లో విరగదు, గంటల తరబడి ఊపిరి కండరాలను కదలనివ్వదు. మత్తు డాక్టరుకు ముందే చెప్పాల్సిన వంశచరిత్ర ఇది.

పెళ్లిసంబంధం దగ్గర మాత్రం మనం ఇంకా గోత్రమే అడుగుతాం. శ్రీకాకుళం భారద్వాజకూ కర్నూలు భారద్వాజకూ ఎన్నడూ ముఖపరిచయం లేకపోయినా వాళ్లు అన్నాచెల్లెళ్లు. అక్క కూతురు మాత్రం మేనమామకు వరస. ఆ జంట పిల్లలకు, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరూ తలసేమియా వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. అది తెలుసుకోవడానికి హైదరాబాద్‌లో ఎన్నో ల్యాబుల్లో మామూలు రక్తపరీక్ష ఉంది. పూర్వీకుల శాతాల కోసం డాలర్లు పెట్టే ఇళ్లలోనే, ఆ పరీక్ష చేయించుకుందామని అబ్బాయి తరఫువాళ్లు అడిగితే అమ్మాయి తరఫువాళ్లు, అమ్మాయి తరఫువాళ్లు అడిగితే అబ్బాయి తరఫువాళ్లు అవమానం జరిగినట్టు లేచి వెళ్లిపోతున్నారు.