స్లిప్పు దొరికాక

గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరుకో ఆదోనికో డిగ్రీ చదువుకు పోయే పిల్లలు సెమిస్టర్ పరీక్షల్లో పేపరు కన్నా స్క్వాడ్‌కే ఎక్కువ భయపడతారు. సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు. ‘మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేశారంట’ అన్న మాట ఊళ్లోకి చేరిందంటే ఆ ఇంటి సంగతి వేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. వాన తప్పిన ఏడాది ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరప కోతలకు, సుగ్గికి (వలస పనులకు) పోయే కుటుంబాలు ఈ పడమటి మండలాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లోంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు ఏడాది పోతే ఆ నష్టం ఏడాదితో ఆగదు. అబ్బాయిని పనికి పంపుతారు, అమ్మాయికి సంబంధాలు చూస్తారు.

కాపీ కొట్టడం తప్పే. అందులో రెండో మాట లేదు. రాత్రంతా మేలుకుని చదివి వచ్చిన పక్క బెంచీ పిల్లకు అది చేసే అన్యాయం చిన్నది కాదు. అయితే తప్పు చేశాడని అనడానికీ, తప్పు చేశాడని తేల్చడానికీ మధ్య విచారణ అనేది ఒకటి ఉండాలి. పరీక్ష హాల్లో వణుకుతున్న చేత్తో పెట్టించుకున్న సంతకాన్నే విచారణ అనుకునే అలవాటు మన ఉన్నత విద్యలో పాతుకుపోయింది.

విచారణ ఎందుకు ముఖ్యమో జేఎన్‌టీయూల మాల్‌ప్రాక్టీస్ నిబంధనలు చూస్తే అర్థమవుతుంది. పరీక్షకు సంబంధించిన కాగితమో సెల్‌ఫోనో దగ్గర పెట్టుకుంటే ఆ ఒక్క సబ్జెక్టు రద్దు. దాన్ని చూసి రాస్తే ఆ సబ్జెక్టుతో పాటు అప్పటిదాకా రాసినవన్నీ రద్దు, ఆ సెమిస్టర్‌లో మిగిలినవి రాయనివ్వరు. ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటే పోలీసుల దాకా పోతుంది. జవాబు పత్రంలో ‘దయచేసి పాస్ చేయండి సార్’ అని రాసినా మాల్‌ప్రాక్టీస్ కిందికే వస్తుంది, ఆ సబ్జెక్టు పోతుంది. (ఈ చివరి నిబంధనను మొదటి సెమిస్టర్‌లోనే ప్రతి క్లాసులో చదివి వినిపించాలి.) స్లిప్పు దగ్గర ఉండటానికీ, దాన్ని చూసి రాయడానికీ మధ్య తేడా ఒక సెమిస్టర్ మొత్తం. స్లిప్పులో ఉన్నది జవాబు పత్రంలోకి ఎక్కిందా లేదా అన్నది రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు. ఆ పని చేశారా అని అడిగే హక్కు విద్యార్థికి ఉంది.

ఆ హక్కు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. 1954లో ఉత్తరప్రదేశ్‌లో ఘనశ్యామ్ దాస్ గుప్తా, మరో ఇద్దరు విద్యార్థులు ఇంటర్మీడియెట్ పాసయ్యారు. కొన్ని నెలల తర్వాత వాళ్ల ఫలితాలు రద్దు చేశామని, మరుసటి ఏడాది పరీక్షకు కూడా కూర్చోనివ్వమని బోర్డు కబురు చేసింది. ఏం తప్పు చేశారో ముందుగా చెప్పలేదు, సంజాయిషీ అడగలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పిల్లవాడి భవిష్యత్తును నిర్ణయించే పరీక్షల కమిటీ న్యాయస్థానం తరహా బాధ్యతతో నడుచుకోవాలని, శిక్షించే ముందు అతని మాట వినితీరాలని 1962లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. గెలిచేసరికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. అప్పటికి ఆ ముగ్గురికీ ఇంటర్ వయసు ఎప్పుడో దాటిపోయింది.

మాట వినడమంటే పూర్తి స్థాయి కోర్టు విచారణ జరపాలని కాదు. కేరళ విశ్వవిద్యాలయంపై సురేశ్ కోశీ జార్జ్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి వేసిన కేసులో 1968లో ఇదే సుప్రీంకోర్టు హద్దులు గీసింది. ఆరోపణ ఏమిటో తెలియజేయాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నిర్ణయించేవాళ్లు నిష్పాక్షికంగా ఉండాలి. ఇవి జరిగాయి కాబట్టి ఆ విద్యార్థి ఓడిపోయాడు. ‘స్లిప్పు ఉన్న మాట నిజమేగానీ వాడుకోలేదు’ అన్న వాదన కూడా అన్నిచోట్లా నిలవదు. కాగితం దగ్గర ఉండటమే తప్పని నిబంధన చెబుతుంటే అది చాలని 1990ల్లో సీబీఎస్‌ఈ కేసులో కోర్టు స్పష్టం చేసింది. అంటే న్యాయస్థానాలు కాపీరాయుళ్లను కాపాడుతున్నాయన్న మాట సరికాదు. అవి అడిగేది చాలా కొంచెం. ఆ కొంచెం కూడా ఇవ్వకపోతేనే గొడవ.

పరీక్షా కేంద్రం మొత్తం కాపీ కొడితే లెక్క ఇంకోలా ఉంటుంది. 1969లో బిహార్‌లోని హంస్వాడీ కేంద్రంలో 80 శాతం మంది పాసయ్యారు. మిగతా కేంద్రాల్లో సగటున సగం మందే గట్టెక్కారు. జవాబు పత్రాలు చూసి బోర్డు ఆ కేంద్రం పరీక్షనే రద్దు చేసింది. అలాంటప్పుడు ఒక్కొక్కరికీ విడిగా నోటీసు అక్కర్లేదని 1970లో సుప్రీంకోర్టు అంది. ఈ తీర్పులో న్యాయముంది. అయితే మూకుమ్మడి కాపీయింగ్ వెనక పిల్లలు మాత్రమే ఉండరన్న సంగతి దీనితో కలిపి చూడాలి.

దానికి దృష్టాంతం మన పక్కనే ఉంది. 2022 ఏప్రిల్ 27న పదో తరగతి పరీక్షల మొదటి రోజే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం అంకిరెడ్డిపల్లె పాఠశాల నుంచి తెలుగు ప్రశ్నపత్రం బయటికి వచ్చింది. అరెస్టయినవాళ్లలో ఉపాధ్యాయులు ఉన్నారు. ఇలాంటి నేరాల కోసమే 1997లో రాష్ట్రంలో ప్రత్యేక చట్టం చేశారు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్షకు వీలుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగ, ప్రవేశ పరీక్షల కోసం తెచ్చిన చట్టమైతే పరీక్ష రాసేవాళ్లను వదిలి, పేపర్లు అమ్మేవాళ్లనూ ముఠాలనూ లక్ష్యంగా పెట్టుకుంది. డిగ్రీ పరీక్షలకూ ఈ చూపే కావాలి. ఒకే హాల్లో అందరి దగ్గరా ఒకే చేతిరాత స్లిప్పులు దొరికితే పిల్లలను డిబార్ చేసి ఫైలు మూసేయడం అన్యాయం. ఆ స్లిప్పులు లోపలికి ఎవరు పంపారో తేల్చేదాకా విచారణ అయిపోయినట్టు కాదు.

పెద్దల తప్పులకు పెద్ద శిక్షలు పడతాయా అన్నది కూడా పిల్లలు గమనిస్తుంటారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు పి. చిరంజీవి 2004-2007 మధ్య 25 పత్రికల్లో ప్రచురించిన 70కి పైగా పరిశోధన వ్యాసాల్లో ఇతరుల రచన, కల్పిత ఫలితాలు ఉన్నాయన్న వ్యవహారం 2008లో ప్రపంచమంతా తెలిసింది. పరిశోధన విద్యార్థులకు మార్గదర్శకత్వం చేయకుండా, పరీక్షల విధులకు రాకుండా విశ్వవిద్యాలయం ఆయన్ను నిలిపేసింది. యూజీసీ 2018లో గ్రంథచౌర్యంపై తెచ్చిన నిబంధనల్లో విద్యార్థి థీసిస్‌కు మెట్లున్నాయి. పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. నలభై దాకా అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. అరవై దాకా అయితే ఏడాది ఆగాలి. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తీవ్రతను కొలిచి, సరిదిద్దుకునే దారి ఉంచిన ఈ పద్ధతి పీహెచ్‌డీ పిల్లలకు ఉంది. సెమిస్టర్ రాసే పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఎందుకు ఉండకూడదు?

అమెరికా చదువులకు పోయిన తెలుగు పిల్లలకు ఇదే సమస్య ఇంకో రూపంలో ఎదురవుతోంది. అసైన్‌మెంటు ఏఐతో రాయించారా అని సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తున్నారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చి చూస్తే, మనుషులు రాసినవాటిలోనే సగటున 61 శాతం దాకా యంత్రం రాసినవని అవి తేల్చాయి. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఏఐ తన సొంత గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం లేదని ఉపసంహరించుకుంది. ఆగస్టులో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ గుర్తింపును ఆపేసింది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థిని కాలేజీ సస్పెండ్ చేస్తే వీసా హోదా కూడా పోతుంది, దేశం విడిచి రావాలి. అయితే అక్కడ చాలా కాలేజీల్లో ఆరోపణ రాతపూర్వకంగా వస్తుంది, అప్పీలుకు దారి ఉంటుంది. చిత్తుప్రతులు, ఫైళ్ల చరిత్ర దాచుకున్న పిల్లలు ఆ దారిలో నిలదొక్కుకోగలరు.

ఇక్కడా దారులు ఉన్నాయి. వాటి సంగతి తెలిసినవాళ్లే తక్కువ. హాల్లో స్క్వాడ్ పట్టుకుంటే విద్యార్థి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. జరిగింది జరిగినట్టు తెలుగులోనే రాసివ్వవచ్చు. దొరికిన కాగితాన్ని కేసు పత్రాలకు జతచేశారో లేదో చూసుకోవాలి. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూల్యాంకనంలో అన్యాయం జరిగిందనుకుంటే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి, అక్కడా తేలకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు చెప్పుకోవచ్చు. అమ్మాయిలకు, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని కూడా పెద్ద ఖర్చుది కాదు. నోటీసు తెలుగులో ఇవ్వాలి. అందులో ఏ నిబంధన కింద కేసు పెట్టారో, ఏ శిక్ష పడే వీలుందో ఉండాలి. విచారణకు తల్లినో తండ్రినో, నమ్మకమున్న అధ్యాపకుడినో వెంట తెచ్చుకోనివ్వాలి. సుగ్గిలో ఉన్న తండ్రి తేదీ మార్చమని అడిగితే మార్చాలి. గోనెగండ్ల పిల్లవాడు కోడుమూరు మీదుగా కర్నూలుకు పోయి, గేటు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చే విచారణ వద్దు. ప్రతి సెమిస్టర్ పరీక్షలు ముగిసిన నెలలోపు కమిటీ ఆదోనికి వచ్చి, ఏదో ఒక ప్రభుత్వ కాలేజీలో రెండు రోజులు కూర్చుంటే పడమటి మండలాల కేసులన్నీ అక్కడే వినవచ్చు. స్లిప్పు, జవాబు పత్రం రెండూ పిల్లవాడి ముందు బల్ల మీద పెట్టి అడగవచ్చు.