దక్షిణం వాకిలి ఇల్లు

ప్లెయిన్స్‌బరోలో మేము కొన్న ఇల్లు అంతకుముందు రెండు నెలల పాటు అమ్ముడుపోలేదు. పైకప్పు బాగానే ఉంది, బేస్‌మెంట్లో చెమ్మ లేదు. వచ్చిన చిక్కల్లా వాకిలి దక్షిణానికి ఉండడమే. "మీ వాళ్ళు చాలామంది వచ్చారు. కారు దిగి, ఫోన్లో దిక్సూచి చూసుకుని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయారు" అన్నాడు ఏజెంటు. మేము లోపలికి వెళ్ళాం. అడిగినదానికంటే కాస్త తక్కువకే బేరం కుదిరింది.

ఆ లాభం ఎంతటిదో మొదటి చలికాలంలో తెలిసింది. మా ఊరు భూమధ్యరేఖకు 40 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఆ కాస్త ఎండా మా వాకిట్లోనే పడుతుంది. మంచు కురిసిన మర్నాటికల్లా మా డ్రైవ్‌వే సగం కరిగి ఉంటుంది. ఎదురింటి ఉత్తరం వాకిలి ఆయన మాత్రం వారమైనా పార పట్టుకుని గడ్డకట్టిన మంచు కొడుతూనే ఉంటాడు. దేవుణ్ణి నమ్మకపోవడం వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే, ముందుగా నడుంనొప్పి తగ్గిందని చెబుతాను.

వాస్తు వేరు, దేవుడు వేరు అని మీరనొచ్చు. మా ఆవిడా అదే అంటుంది. ఆవిడకి దేవుడి మీద నమ్మకం ఉంది, వాస్తు మీద లేదు. నా వరకూ రెండూ ఒకే రోజు పోయాయి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఒక సబ్జెక్టు పోయింది. మొక్కుకున్నా పోయింది. చదవలేదు కాబట్టి పోయిందని ఒప్పుకున్నాక, పాసైనప్పుడు ఆ లెక్క ఎవరి ఖాతాలో వేశానా అని అనుమానం వచ్చింది. అది చిన్న అనుమానమే కానీ మళ్ళీ పోలేదు.

అప్పటినుంచీ నా రోజుల్లోంచి చాలా భయాలు తీసివేతకి వచ్చాయి. పిల్లి ఎదురొస్తే బండి ఆపను. మంగళవారం ప్రయాణాలు పెట్టుకుంటాను, టికెట్లు ఆ రోజు చవగ్గా దొరికితే మరీ మంచిది. పక్క అపార్ట్‌మెంట్లో ఉండే మిత్రుడు బెజవాడ పంచాంగంలోని రాహుకాలాన్ని న్యూజెర్సీ టైముకి మార్చుకుని మరీ ఇంటర్వ్యూలకి వెళ్తాడు. మార్చిలో గడియారాలు గంట ముందుకు జరిపినప్పుడు రాహువు కూడా జరుగుతాడా అని అడిగితే నవ్వాడు, కానీ ఆ రోజు ఇంటర్వ్యూ మాత్రం మధ్యాహ్నానికి మార్పించుకున్నాడు.

ఇవన్నీ సరదాగా చెప్పుకునే లాభాలు. అసలైన లాభం ఏమిటో నాన్న జబ్బుపడ్డప్పుడు అర్థమైంది. అది నేను వాడుకోవలసిన చోట వాడుకోలేదని కూడా అప్పుడే తెలిసింది.

బెజవాడలో నాన్నకి యాంజియోగ్రామ్ చేసి మూడు చోట్ల రక్తనాళాలు పూడుకుపోయాయన్నారు. వీలైనంత త్వరగా బైపాస్ చేయాలి, రేపు ఉదయం ఖాళీ ఉంది అన్నారు డాక్టరు. అమ్మ ఫోన్ చేసి, "రేపు అమావాస్యరా నాన్నా. ఎల్లుండి చేయించుకుంటే సరిపోతుందిగా?" అంది. వద్దమ్మా, రేపే చేయించండి అనాలి. పదిహేనేళ్ళుగా మిత్రుల దగ్గర గొంతు చించుకున్నవాణ్ణి. "సరేలే, నీ ఇష్టం" అన్నాను. పదమూడు వేల కిలోమీటర్ల దూరం నుంచి అమ్మని బాధపెట్టడం ఎందుకు అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, జరగరానిదేదైనా జరిగితే ఆ మాట నా మీదకి రాకూడదని కూడా అనుకున్నాననిపిస్తుంది. అమావాస్య మీద నమ్మకం లేదు గానీ, అమావాస్య అంటే భయపడేవాళ్ళ నింద మీద మాత్రం నాకు బోలెడు నమ్మకం ఉందన్నమాట.

ఆ ఒక్క రోజూ ఏమీ కాలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. అందరూ దేవుడి దయ అన్నారు. నేను మాత్రం ఒక కాగితం మీద పేర్లు రాసుకున్నాను: సర్జను, మత్తు డాక్టరు, రాత్రంతా ఐసీయూలో ఉన్న ఇద్దరు నర్సులు, రక్తం ఇచ్చిన మా బాబాయి కొడుకు, వాడి స్నేహితుడు. నెల తర్వాత వెళ్ళినప్పుడు ఒక్కొక్కరినీ కలిశాను. ఒక నర్సమ్మ, "మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చెప్పేవాళ్ళు తక్కువండీ, ఇంటికెళ్ళే రోజున అందరూ తిన్నగా గుడికే వెళ్తారు" అంది నవ్వుతూ.

నమ్మకం లేకుండా బతకడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే. లెక్కలన్నీ మనుషులతోనే తేల్చుకోవాలి. కృతజ్ఞత చెప్పాలంటే ఒక మనిషి ముఖం చూడాలి. తప్పు చేస్తే హుండీలో వేసి బయటపడే దారి లేదు, ఎవరికి చేశామో వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. నాన్నకి నేను చెప్పుకోవలసిన క్షమాపణ అలాంటిదే. చెప్పాను. "ఆ రోజు నేనే ఆగుదామన్నాన్రా, మీ అమ్మ మాటే నిజమేమోనని నాకూ భయమేసింది" అన్నాడు.

నాస్తికుడు అనగానే బెజవాడ వాళ్ళకి గుర్తొచ్చే పేరు గోరా. కాలేజీకి వెళ్ళే రోజుల్లో బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో. లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. జంధ్యం తీసేసినందుకు ఇంట్లోంచి బయటికి రావలసి వచ్చింది. దేవుడి గురించి రాసిన వ్యాసానికి 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో ఆయనా సరస్వతి గారూ కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో దాన్ని బెజవాడకి మార్చారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు.

నాకు గోరాలో నచ్చేది దేవుడు లేడన్న వాదన కాదు. ఆ వాదన ఎవరైనా చేయొచ్చు. దేవుడు లేకపోతే కర్మ లేదు, కర్మ లేకపోతే ఒకణ్ణి అంటరానివాడిగా పుట్టించింది ఎవరూ కాదు, మనమే అలా ఉంచాం, కాబట్టి సరిచేయవలసిందీ మనమే అని ఆయన చివరిదాకా లెక్క కట్టాడు. పెద్ద కూతురు మనోరమకి దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి నిశ్చయించాడు. ఆ పెళ్ళి తన సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న గాంధీని చంపేశారు. పెళ్ళి ఆ మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఒక నాస్తికుడూ, రోజూ ప్రార్థన చేసే ఒక భక్తుడూ ఒకే పెళ్ళి కోసం కలిసి పనిచేశారు.

దాని పక్కన నా నాస్తికత్వం చాలా చవకైనది. ఉద్యోగం పోలేదు, ఇల్లు విడవలేదు, పైగా డ్రైవ్‌వే కలిసొచ్చింది. సంబంధాల దగ్గర మాత్రం దేవుణ్ణి నమ్మని మా స్నేహితులు కూడా ఇంటిపేరు, కులం అడిగాకే తర్వాతి మాట మాట్లాడతారు. గుడి మానేసి గోత్రం ఉంచుకుంటే సాధించింది ఆదివారం ఉదయం నిద్ర ఒక్కటే.

నష్టాలు లేవని కూడా అనను. నాన్న ఆపరేషన్ థియేటర్లో ఉన్న ఆ ఐదు గంటలూ అమ్మ విష్ణుసహస్రనామం చదువుకుంటూ కూర్చుంది. ఇక్కడ నాకు అర్ధరాత్రి. నా చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. అప్పుడు తలుపు కొట్టినవాడు, రాహుకాలాన్ని న్యూజెర్సీ టైముకి మార్చుకునే ఆ మిత్రుడే. ఫ్లాస్కులో టీ తెచ్చాడు. దేవుడి గురించి ఒక్క మాట ఎత్తలేదు. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోగేదాకా పక్కనే కూర్చున్నాడు.

నా కాగితంలో వాడి పేరు కూడా ఉంది. పైన ఎవరూ లేరని అనుకునేవాళ్ళకి పక్కన మనుషులు ఇంకా ఎక్కువ అవసరం. ఆ అవసరాన్ని ఒప్పుకోవడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఈసారి అమ్మ అమావాస్య అంటే ఏమనాలో కూడా ఇప్పుడు తెలుసు. "వద్దమ్మా, రేపే. ఏమైనా అయితే ఆ మాట నేను పడతాను."