సగం మాత్ర

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మందులు మానేశామని నోరు విప్పి చెప్పరు. "ఈ మధ్య బాగానే ఉందే, రోజు విడిచి రోజు వేసుకుంటున్నా" అంటారు. లేదా మాత్రను బ్లేడుతో రెండు ముక్కలు చేసి, ఒకటి రేపటికని కాగితంలో మడిచి పెట్టుకుంటారు. భర్త గుండె మాత్రలు నెలకు సరిపడా కొని, తన బీపీ మాత్రల దగ్గరికొచ్చేసరికి "పది చాలు బాబూ" అనే ఇల్లాళ్ళు ఎందరో! మందుల షాపు కుర్రాణ్ణి అడగండి, చెప్తాడు.

ప్రభుత్వ బీమా ఉందిగా అంటారా? ఉంది. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌లో డెబ్బై ఏళ్ళు నిండిన వాళ్ళందరికీ, కలవారా లేనివారా అని చూడకుండా, కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం. మంచిదే, నేను కాదనను. కానీ ఆ డబ్బంతా ఆసుపత్రిలో చేరినవాళ్ళకే. ఇంటికొచ్చాక పదిహేను రోజులు మందులిస్తారు. పదహారో రోజున రక్తపోటు సెలవు పుచ్చుకుంటుందా?

మాత్ర కొనలేక పక్షవాతం తెచ్చుకుంటే లక్షలు పోయడానికి సిద్ధం. అది రాకుండా ఆపే మాత్రకు మాత్రం ఆ కార్డు పనికిరాదు! కప్పు కారుతుంటే పెంకు మార్చకుండా, గోడ కూలాక కొత్తది కట్టిస్తాననే మగవాణ్ణి మనం ఏమంటాం?

ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు, జనౌషధిలో చవకగా దొరుకుతాయి అంటారు కొందరు. నిజమే. మోకాళ్ళరిగిన ముసలమ్మ రెండు బస్సులు మారి వెళ్ళాక "ఆ మందు అయిపోయింది, వచ్చేవారం రండి" అంటే? చవకైనా నెలనెలా కొనాల్సిందేగా, పైసా సంపాదన లేనివాళ్ళు!

చేతకాక కాదు సుమండీ. వికలాంగులకు 'నిరామయ' అనే బీమా కేంద్రమే నడుపుతోంది. ఆసుపత్రిలో చేరకుండా వాడే మందులకీ అందులో కొంత ఇస్తారు. కానీ ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకే. పోలియో కాలు, చూపులేని కళ్ళు లెక్కలోకి రావు. వాళ్ళకి షుగర్లూ బీపీలూ రావనుకున్నారు కాబోలు!

మన పిల్లలున్న అమెరికాలోనూ ఇంతే. పెద్దవాళ్ళ కోసం 1965లో చట్టం చేసిన మెడికేర్, ఇంట్లో మింగే మందులకు 2006లో గానీ బీమా మొదలెట్టలేదు. 2025లో, ఆ మందుల కోసం వాళ్ళు చేతినుంచి పెట్టే ఖర్చుకు ఏడాదికి రెండు వేల డాలర్ల దగ్గర హద్దు గీశారు. మనమూ అలా నలభై ఏళ్ళు ఆగాలా?

ఆ అయిదు లక్షలు పెంచమని నేనడగడం లేదు. బీపీ, షుగరు, గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసం మందులు నెలనెలా అందులోంచే, వీధి చివరి షాపులోనే ఇప్పించమంటున్నాను. వికలాంగులకైతే వయసు చూడకుండా ఇప్పించాలి. ఈసారి ఓట్లకొచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపెయ్యకండి. పోపులడబ్బా కింద దాచిన మందుల బిల్లులు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టండి.