ఈఎఫ్ ఎంతండీ?

"దడ తగ్గిపోయింది కదా, ఇంకా ఆ మాత్రలెందుకు?" గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లున్న ఇళ్లలో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. తప్పు పట్టలేం. 1980ల్లో పెద్ద పెద్ద డాక్టర్లూ ఇలాగే అనుకున్నారు. గుండెపోటు తర్వాత జఠరికల్లో లయ తప్పిన కొట్టుకోవడాలు ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా పోతున్నారు గనుక, వాటిని అణిచేస్తే బతికిపోతారని లెక్క కట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఇచ్చారు. ఈసీజీ చక్కబడింది. తీరా 1991లో కాస్ట్ అనే పరీక్ష అంకెలు అచ్చయితే, సగటున 10 నెలల్లో ఆ మందులు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర మింగిన 743 మందిలో 26 మంది చనిపోయారని తేలింది!

జఠరికలు అదుపు తప్పి వేగంగా కొట్టుకునే వెంట్రిక్యులర్ టాకీకార్డియా, డాక్టర్ల నోట 'వీటీ', వచ్చిన మనిషి ఎన్నేళ్లు బతుకుతాడన్నది దడ కంటే దాని కింద ఉన్న కండరాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. గుండెపోటులో చచ్చిన కండరం మచ్చ కడుతుంది. కరెంటు ఆ మచ్చ చుట్టూ గింగిరాలు కొడితే వీటీ. మచ్చ ఎంత మేర పాకింది, మిగిలిన కండరం ఎంత గట్టిగా ఉంది? ఇందులో రెండోదాన్ని ఎకో రిపోర్టులో 'ఈఎఫ్' అన్న అంకె చెబుతుంది. ఎడమ జఠరిక ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందన్న లెక్క అది. 35కి దిగిందంటే జాగ్రత్త పడాలి. ఏ జబ్బూ లేని గుండెలో వచ్చే వీటీ సంగతి వేరు. అది చాలావరకు ప్రాణం మీదికి రాదు, దడ పుట్టే చోటును కాల్చేసే అబ్లేషన్‌తో నయమయ్యేవీ ఉన్నాయి.

తన పెద్ద డాక్టరు హ్యారీ హెల్లర్ 1966లో వీటీతోనే పోవడం చూసి, అలాంటి దడను ఆపేలా ఒంట్లో అమర్చే షాక్ యంత్రం కోసం పట్టుబట్టినవాడు మిషెల్ మిరోవ్‌స్కీ అనే డాక్టరు. 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో తొలిసారి ఒక మనిషికి దాన్ని అమర్చారు. అదే ఐసీడీ. గుండెపోటు తర్వాత ఈఎఫ్ 30కి మించనివాళ్లలో సగటున 20 నెలల్లో మరణాలు 19.8 శాతం నుంచి 14.2కి తగ్గాయని 2002లో రుజువైంది. అయితే ఖరీదు లక్షల్లో. పైగా అది ప్రాణం నిలబెడుతుందే గానీ మచ్చను మాన్పదు. మాటిమాటికీ షాక్ కొడుతుంటే యంత్రం పనిచేస్తోందిలే అని ఊరుకోకూడదు, లోపల గుండె నీరసిస్తోందేమో చూపించుకోవాలి.

ఈసారి ఆస్పత్రికి వెళ్తే "దడ తగ్గిందండీ" అని చెప్పి లేచి వచ్చేయకండి. "ఈఎఫ్ ఎంతండీ?" అని అడిగి, ఆ అంకె రాసిపెట్టుకోండి. ఇక మొదట అడిగిన ఆ మాత్రల్లో గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ ఉంటే, దాన్ని మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు.