ఎవరి సొమ్ము? ఎవరి చాకిరీ?

1940 జనవరి 31 తేదీతో అమెరికాలో మొట్టమొదటి నెలవారీ సోషల్ సెక్యూరిటీ పెన్షన్ చెక్కు ఒక స్త్రీ పేరు మీద వచ్చింది. ఆమె పేరు ఇడా మే ఫుల్లర్. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మూడేళ్ళలో ఆమె జీతంలోంచి కోసుకున్న పన్ను 24 డాలర్ల 75 సెంట్లు. మొదటి చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. నూరేళ్ళు బతికి 1975లో చనిపోయేనాటికి ఆమెకు అందినది దాదాపు 22,900 డాలర్లు.

ప్రభుత్వ పెన్షన్లు ఉండకూడదనే లిబర్టేరియన్లు ఈ ముసలామెను తరచుగా సాక్ష్యానికి లాక్కొస్తారు. ముందు చేరినవాళ్ళకు లాభం, వెనక చేరినవాళ్ళకు టోపీ, ఇది గొలుసుకట్టు మోసం కాక మరేమిటని అడుగుతారు. ప్రాణానికీ ఆస్తికీ కాపలా కాయడం వరకే ప్రభుత్వం పని, మిగిలినదంతా వ్యక్తికీ మార్కెట్టుకీ వదిలెయ్యాలనేది వీళ్ళ సిద్ధాంతం. నా సంపాదనలోంచి నా ముసలితనానికి ఎంత దాచుకోవాలో నేను తేల్చుకుంటాను, బలవంతంగా కోసే హక్కు ప్రభుత్వానికెక్కడిదని 1962లోనే మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు. వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్ 1995 నుంచి పెన్షన్ల ప్రైవేటీకరణకు ప్రత్యేకంగా ప్రచారం నడిపింది. 2005లో అధ్యక్షుడు బుష్ సోషల్ సెక్యూరిటీ పన్నులో కొంత భాగాన్ని సొంత ఖాతాల్లోకి మళ్ళించాలని చూసి, జనం ఒప్పుకోక వెనక్కి తగ్గాడు.

డబ్బున్నవాళ్ళ మాటలని వీటిని తోసెయ్యడం సులువు. కానీ వీళ్ళు స్త్రీల పేరు చెప్పి చేసే విమర్శ ఒకటుంది. దాన్ని మనం తోసెయ్యలేం, ఎందుకంటే అది నిజం.

1939లో అమెరికా చట్టంలో భార్యలనూ వితంతువులనూ చేర్చారు. భర్త పెన్షన్‌లో సగం దాకా భార్యకు వస్తుంది. భార్య తనూ ఉద్యోగం చేసి పన్ను కట్టి ఉంటే? తన సొంత పెన్షనూ, భర్త దాంట్లో సగమూ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంత మొత్తం. రెండూ కలిపి ఇవ్వరు. జీతం తక్కువైన ఆడమనిషి ఇరవయ్యేళ్ళు పన్ను కట్టి కూడా, ఒక్కరోజూ కట్టని మరో ఇల్లాలితో సమానంగానే మిగలొచ్చు. విడాకులు తీసుకున్న స్త్రీకి ఆ సగం రావాలంటే పెళ్ళి పదేళ్ళు నిలబడి ఉండాలి. అసలు 1935 చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనూ వ్యవసాయ కూలీలనూ బయటే ఉంచింది. నల్లజాతి స్త్రీలు ఎక్కువగా చేసే పనులవే. 1950లలో గానీ వాళ్ళకు తలుపు తెరవలేదు. ఈ చట్టం రాసినవాళ్ళ కళ్ళముందున్న కుటుంబంలో మగవాడు సంపాదిస్తాడు, ఆడది అతని మీద ఆధారపడి బతుకుతుంది.

రోగం ఉంది. వీళ్ళు చెప్పే మందేమిటి? ఎవరి ఖాతా వాళ్ళది, ఎవరి సొమ్ము వాళ్ళది. ఈ మందును ఒక దేశమంతటి మీదా ప్రయోగించి చూశారు.

చిలీలో 1981లో పినోచెట్ సైనిక ప్రభుత్వం పాత పెన్షన్ పద్ధతిని తీసేసి సొంత ఖాతాల పద్ధతి తెచ్చింది. దాన్ని నడిపించిన మంత్రి హోసె పిన్యేరా తర్వాత కేటో ఇన్‌స్టిట్యూట్ ప్రచారానికి నాయకుడయ్యాడు. కార్మికుల జీతంలో 10 శాతం ప్రైవేటు కంపెనీల ఖాతాల్లోకి పోవాలన్నారు. యజమాని వాటా రద్దు చేశారు. స్వేచ్ఛ గురించి ఇంత మాట్లాడేవాళ్ళు గమనించాల్సిన సంగతులు రెండున్నాయి. పార్లమెంటు లేని దేశంలో డిక్రీతో వచ్చిన పద్ధతి ఇది. జీతం కోయడంలోని బలవంతం అలాగే ఉంది, డబ్బు చేరే చోటు మాత్రం మారింది. రెండోది, ఇంత గొప్ప పద్ధతిలోకి సైన్యమూ పోలీసులూ చేరలేదు. వాళ్ళ పాత పెన్షన్ వాళ్ళకుంది.

మరి స్త్రీల సంగతి? ఖాతాలోకి జీతం మాత్రమే పోతుంది. బిడ్డను కని మూడేళ్ళు ఇంట్లో ఉన్నామె ఖాతాలో ఆ మూడేళ్ళూ సున్నా. మంచాన పడ్డ అత్తగారికి సేవచేసిన కాలమూ సున్నాయే. మగవాడి కంటే తక్కువ కూలి తీసుకున్నన్నాళ్ళూ ఖాతా కూడా తక్కువే. చిలీ స్త్రీలకు రిటైర్‌మెంట్ వయసు 60, మగవాళ్ళకు 65. అంటే దాచేది తక్కువ ఏళ్ళు, తినాల్సింది ఎక్కువ ఏళ్ళు. పైగా ఆడవాళ్ళకు ఆయుష్షు ఎక్కువని వేరే లెక్కల పట్టిక పెట్టారు. ఇద్దరి ఖాతాల్లో ఒకే మొత్తం ఉన్నా ఆమెకు నెలనెలా వచ్చేది తక్కువ. ఎక్కువకాలం బతకడానికి కూడా జరిమానా!

ఇది వివక్ష అని అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. లాస్ ఏంజెలిస్ నీటి, విద్యుత్ శాఖ ఆడ ఉద్యోగుల దగ్గర పెన్షన్ కోసం మగవాళ్ళ కంటే దాదాపు 15 శాతం ఎక్కువ వసూలు చేస్తుంటే, 1978లో చెల్లదని తీర్పిచ్చింది. 1983లో మరో కేసులో, ఉద్యోగ పెన్షన్లలో స్త్రీలకు తక్కువ చెల్లించడమూ చెల్లదంది. సోషల్ సెక్యూరిటీలో ఆడవాళ్ళ ఆయుష్షుకు వేరే పట్టిక లేదు. ఇడా మే ఫుల్లర్ ముప్ఫై అయిదేళ్ళు పెన్షన్ తీసుకుంది. లిబర్టేరియన్లు దాన్ని మోసం అంటున్నారు. ఒంటరి ముసలామె ఎవరి దయా లేకుండా నూరేళ్ళు బతకగలిగింది అని మనం అంటాం.

గొలుసుకట్టు మోసం మాట కూడా చూద్దాం. గొలుసు స్కీములో లెక్క దాస్తారు. కొత్తవాళ్ళు చేరకపోతే అది కూలిపోతుంది. ప్రభుత్వ పెన్షన్ లెక్క ఏటా బయటపెడతారు. పనిచేసేవాళ్ళు తగ్గి ముసలివాళ్ళు పెరుగుతున్న మాట నిజమే. 2025 నివేదిక ప్రకారం అమెరికా వృద్ధాప్య పెన్షన్ నిధి 2033లో నిండుకుంటుంది. అయినా ఆ తర్వాత వచ్చే ఆదాయంతోనే 77 శాతం చెల్లించొచ్చు. లోటు పూడ్చే దారీ ఉంది. 2025లో 1,76,100 డాలర్లు దాటిన జీతం మీద ఈ పన్నే లేదు. ఆ హద్దు ఎత్తెయ్యమని మార్కెట్ స్వేచ్ఛ కోరేవాళ్ళు అడగరు.

చిలీ చివరికి ఎక్కడికొచ్చింది? 2008లో మిషెల్ బాషెలె ప్రభుత్వం ఖాతాలో ఏమీ లేని పేదలకు ప్రభుత్వ ఖజానా నుంచి పెన్షన్ పెట్టింది. అది అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. కన్న ప్రతి బిడ్డకూ తల్లి పెన్షన్‌కి కొంత మొత్తం కలిపింది. 2016లో లక్షలాది మంది ఆ పెన్షన్ కంపెనీలకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. 2025 చట్టం యజమాని వాటాను తిరిగి తెచ్చింది, ఆయుష్షు పట్టికతో స్త్రీలకు జరిగే నష్టానికి పరిహారం పెట్టింది.

ఈ కథ మన గుమ్మం దాకా కూడా వచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు సొంత ఖాతాల పద్ధతిని దేశాలన్నిటికీ సిఫారసు చేసింది. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు కొత్త పెన్షన్ పథకం పెట్టారు. అదే ఏడు సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారే పట్టింది. ఇక్కడా సైన్యానికి మినహాయింపే! ఉద్యోగ సంఘాలు దీనిమీద పోరాడుతున్నాయి, న్యాయమే. కానీ నాట్లు వేసే ఆమె, బీడీలు చుట్టే ఆమె, ఇళ్ళల్లో అంట్లు తోమే ఆమె ఈ చర్చలో ఎక్కడున్నారు? వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా 2007 నాటికి 200 రూపాయలు, 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు 2025లోనూ 200 రూపాయలే. తెలంగాణ 2019లో 2,016 చేసింది, ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 చేసింది. మంచిదే. కానీ అది ఎన్నికల వాగ్దానాలతో పెరిగే వరంగా ఉంటోంది. అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కుందని చెప్పించుకోవడానికే 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పెన్షన్ ప్రతి స్త్రీకీ ఆమె సొంత పేరు మీద రావాలి, భర్త ఉన్నా పోయినా వదిలేసినా. పిల్లల్నీ రోగుల్నీ సాకిన ఏళ్ళను పనిచేసిన ఏళ్ళుగా లెక్కకట్టాలి. ఆడా మగా ఒకే పట్టిక ఉండాలి. ధరలతోపాటు పెన్షన్ చట్టప్రకారం పెరగాలి.

నా సొమ్ము నా ఇష్టం అనేవాళ్ళను ఒక్క మాట అడుగుదాం. ఆ సొమ్ము సంపాదించేందుకు రోజూ పొద్దున్నే మీకు వండి పెట్టి, మీ బట్టలుతికి, మీ పిల్లల్ని పెంచినామె వాటా ఏ ఖాతాలో వేశారు?