బండి బిగించడం వేరు, బండి చెయ్యడం వేరు



మన పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి కొత్త బండ్లు పూజకి వస్తాయి. దండలు వేసిన కార్లు చూసి మనం టకటకా పేర్లు చెప్పేస్తాం. ఏది ఎంత స్పీడు పోతుందో కూడా చెప్తాం. కానీ అది ఎక్కడ తయారైంది, ఎవరు తయారు చేశారు అంటే నోరు మెదపం. మనకి కావలసింది ఆ రెండో సంగతే అని నా అభిప్రాయం.

మొదట్లో మన దేశంలో కార్లు తయారు చెయ్యలేదు, బిగించారు. 1928 నుంచి జనరల్ మోటార్స్ కంపెనీ విదేశాల నుంచి పెట్టెల్లో వచ్చిన సామాను బొంబాయిలో జోడించి అమ్మేది. కష్టం మనవాళ్ళది, విద్య వాళ్ళది. 1953లో ప్రభుత్వం "సామాను కూడా ఇక్కడే చెయ్యాలి" అనేసరికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళు నేర్చుకున్నారు. కలకత్తా దగ్గర అంబాసిడర్, బొంబాయిలో ఫియట్ తయారయ్యాయి. అప్పట్లో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. 1983లో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇళ్ళకి కారు వచ్చింది. 2014లో అంబాసిడర్, మారుతి 800 రెండూ ఆగిపోయాయి. ఇప్పుడు జనం ఎత్తు కార్లే అడుగుతున్నారు. 2023-24లో దేశంలో 42 లక్షలకు పైగా కార్లు, జీపులు, వ్యానులు అమ్ముడైతే, సగానికి పైగా ఆ రకమే.

ఆ రకం కార్లు మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో సెల్టోస్. 2023 నాటికి 10 లక్షల కార్లు. రేకు నొక్కేది ఒక షాపు, బాడీ అతికేది ఒకటి, రంగుకి ఒకటి, ఇంజనుకి ఒకటి, చివర బిగింపు.

"అక్కడ రోబోలే పని చేస్తాయంట, మనకేం ఉద్యోగాలొస్తాయి?" అని కొందరు అన్నలు అంటున్నారు. వెల్డింగు రోబోలే చేస్తాయి, నిజమే. మరి రోబో ఆగిపోతే చూసేదెవరు? చదువుకున్న మనిషే కదా!

మనలో చాలామంది పదోతరగతి అవగానే ఆటోకో, మిరప లారీకి క్లీనరుగానో పోతున్నారు. డ్రైవింగు తక్కువ పని అని నేననను. మన ఇళ్ళల్లో అన్నం పెడుతున్నది అదే. కానీ విద్య రాకుండా చెయ్యి మాత్రమే పెడితే, 1928 నాటి బొంబాయి కథే మనదీ అవుతుంది. ఐటిఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, మోటారు మెకానిక్ కోర్సులున్నాయి. పాలిసెట్ రాస్తే డిప్లొమా ఉంది. రెండింట్లోనూ ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. సీటు ఉందని తెలియకపోతే అది ఉండీ లాభమేంటి?

అందుకని వార్డెను గారికి నా మనవి. ఈ ఏడు విహారయాత్రలో ఒక పూట ఏదైనా ఐటిఐ వర్కుషాపు చూపించండి. పదోతరగతి వాళ్ళకి పరీక్షల ముందే ఆ కోర్సుల సంగతి చెప్పించండి. తమ్ముళ్ళూ, మీరు కూడా లెక్కలు, సైన్సు వదలకండి.

ఇట్లు,
ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి