వేలు తెగిన రాజు, ముంపులో కొల్లేరు

రాజుగారి వేలు తెగింది. ‘అంతా మన మంచికే’ అన్నందుకు మంత్రి చెరసాల పాలయ్యాడు. తర్వాత వేటకెళ్లిన రాజును బలి కోసం మనిషిని వెతుకుతున్న గుంపు పట్టుకుంది. వేలు లేనివాడు బలికి పనికిరాడని వదిలేసింది. చెరలో లేకుంటే రాజు వెంట వెళ్లి తానే బలయ్యేవాణ్ణని మంత్రీ సంబరపడ్డాడు. తెలుగునాట ఈ కథ వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఆ గుంపు బలి మానుకున్నట్టు మాత్రం కథలో ఎక్కడా లేదు. రాజు తర్వాత వాళ్ల చేతికి ఎవడు చిక్కాడో!

కొల్లేటికోట చుట్టూ ఇలాంటిదే ఇంకో కథ తిరుగుతుంది. గజపతుల కాలంలో కోటను ముట్టడించిన సేన కొల్లేరు సరస్సు నీటిని దించడానికి ఉప్పుటేరు తవ్వించిందట. కోటలోని ఒడ్డె సేనాని గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. చచ్చాక పేరంటాలుగా పేరు నిలిచింది, ఇంకేం కావాలంటారు. ఆ పిల్లను ఎవరూ అడిగినట్టు లేదు.

పుక్కిటి పురాణాలు సరే, కొల్లేటి అసలు చరిత్రకూ ఇదే ‘అంతా మంచికే’ రంగు పూస్తున్నారు.

బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు వచ్చి కొల్లేట్లో పడతాయి. సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వానలు ముదిరితే లంక గ్రామాల వరి నీటిపాలయ్యేది. వరుస నష్టాలు చూసి 1970ల్లో ప్రభుత్వం సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించింది. వరి మునగబట్టే కదా చేప చేతికొచ్చింది, ముంపు మేలే చేసిందనేవాళ్లు ఈనాటికీ కనిపిస్తారు. డబ్బు వచ్చిన మాట నిజమే. బొచ్చె, శీలావతి ఐసులో కూరుకుని లారీల మీద కలకత్తా దాకా వెళ్లాయి. కానీ సంఘాల పేరిట ఉన్న చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతుల్లోకి జారాయి. తాటిదోనె మీద తిరిగి వలేసుకున్న వడ్డివాళ్లలో చాలామంది అవే గట్ల మీద కూలీలుగా, కాపలాదార్లుగా మిగిలారు. గట్టు పక్కన గట్టు లేచేసరికి నీటి దారి ఇరుకైంది. ముంపుకు విరుగుడనుకున్నదే ముంపును పెంచింది.

1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట పొక్లెయిన్లు దింపి, మందుగుండు పెట్టి గట్లు కొట్టేశారు. సరస్సుకు ఆ పని అవసరమే. ఆటపాకలో పెలికాన్లు కనబడుతున్నాయి కదా అని కూలి పని పోయినవాళ్లను ఓదార్చబోవడం మాత్రం మోటుతనం.

గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విషయంలోనూ ఇదే తంతు. కరువు రాకపోతే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చేదా అంటారు. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆనకట్ట పూర్తయింది 1852లో. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా పారిన కాలువ నీళ్లను ఆ పోయినవాళ్లు చూడలేదు. కరువులు చాలా సీమల్లో వచ్చాయి, అన్నిచోట్లా ఆనకట్టలు లేవలేదు. నది వాలు కొలిచినవాళ్లూ, రాళ్లు మోసినవాళ్లూ, ఖర్చుకు జంకే కంపెనీని లెక్కలతో ఒప్పించినవాళ్లూ ఉన్నచోటే లేచాయి. ఆ మెప్పు తీసుకెళ్లి కరువు ఖాతాలో రాయడమేమిటి?

1755లో భూకంపం లిస్బన్‌ను నేలమట్టం చేసినప్పుడు కూడా ఇలాంటి సమర్థనలే వినిపించాయి. ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఊరుకోలేదు. నాలుగేళ్ల తర్వాత ‘కాండీడ్’ రాసి ఆ ధోరణిని చీల్చి చెండాడాడు.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకు చేరారు, గండం గడిచిందని దణ్ణం పెట్టుకుని ఊరుకోవచ్చు. కానీ అలా ఊరుకోకుండా రక్తం, నీళ్లు, కూరగాయల నమూనాలు పంపారు కాబట్టే ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలే కారణమై ఉండవచ్చన్న మాటా పరీక్షల వల్లే వచ్చింది. అవి జనం ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది మాత్రం గట్టిగా తేలలేదు. కుళాయి నీళ్లలో, సంతలో కొనే వంకాయలో ఏ మందు ఎంతుందో నెలనెలా పరీక్ష చేయించి, ఫలితాన్ని మునిసిపల్ ఆఫీసు గోడకు అంటించమని అడగొచ్చు. దిష్టి తీయించుకోవడానికి అయ్యే గుమ్మడికాయ ఖర్చు కూడా అడిగేవాళ్లకు కాదు.